సర్దుకుపొమ్మనడం చికిత్స కాదు

రెంటచింతల అనగానే పత్రికలకు ఎండలు గుర్తొస్తాయి. ఆ ఎండలో మిరపకాయలు కోసే స్త్రీల మనసులోని దిగులు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. నిద్ర పట్టకపోవడం, గుండెదడ, దేని మీదా మనసు నిలవకపోవడం మన పల్లెల్లో 'నరాల బలహీనత' అయిపోతాయి. ఒక సెలైన్, ఒక సూదిమందుతో రెండు రోజులు తెరిపి. తర్వాత మళ్ళీ అదే దిగులు.

'కౌన్సెలింగ్' అనే మాట చాలామంది స్త్రీలు మొదట వినేది పోలీసు స్టేషన్లో. అక్కడ దాని అర్థం పిల్లల ముఖం చూసి సర్దుకుపొమ్మనడం. దీన్ని మానసిక చికిత్స అనడం అన్యాయం.

అసలైన చికిత్సలో మనిషి తన భయాన్నీ కోపాన్నీ నమ్మకమున్న చోట మాటల్లో పెడుతుంది. 'తప్పంతా నాదే' అన్న ఆలోచన ఎక్కడ నాటుకుందో గుర్తుపడుతుంది. వారం వారం చిన్న పనుల్లో కొత్తగా స్పందించడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటే చికిత్స ముగిశాక కూడా మిగులుతుంది.

ఇది పట్నాల్లో డబ్బున్నవాళ్ళ వ్యవహారం అనేవారికి పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెలే జవాబు. అతీఫ్ రెహమాన్ బృందం అక్కడి మహిళా ఆరోగ్య కార్యకర్తలకు ఈ పద్ధతిలో శిక్షణనిచ్చి, కుంగుబాటులో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపింది. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో కుంగుబాటు మిగిలినవారు 23 శాతం. శిక్షణ లేని కార్యకర్తలు వెళ్ళిన ఇళ్ళలో 53 శాతం. ఏడాదికి కూడా ఆ తేడా నిలిచింది.

అప్పులకు, తాగుడుకు, దెబ్బలకు స్త్రీ మనసుకు వైద్యం చేయడమేమిటని మన ఉద్యమాల్లో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దెబ్బలు ఆగకుండా ఏ చికిత్సా పూర్తికాదు. కానీ కుంగిపోయిన మనిషికి 2005 గృహహింస చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. ఫిర్యాదు చేయడానికైనా తనకు విలువుందన్న నమ్మకం కావాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ ప్రభుత్వ చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోను భర్త జేబులో ఉండే ఇంట్లో అదీ అందదు. అందుకే రెంటచింతల లాంటి ప్రతి మండలంలోనూ తలుపు వేసుకుని మాట్లాడుకునే ఒక గది, శిక్షణ పొందిన ఒక స్త్రీ ఉండాలని మనం అడగాలి. ఆ పనికి జీతం కూడా అడగాలి. ఆశా కార్యకర్తల నెత్తిన మరో వెట్టిచాకిరీగా అది మారకూడదు.