హాని చేయకపోతే చాలునా?

సీనియర్లంటే భయపడే రోజులు పోయాయని పెద్దలు సంతోషిస్తున్నారు. సంతోషించవలసిందే! ఉమ్మడి రాష్ట్రంలో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009లో యు.జి.సి. నిబంధనలు వచ్చాయి. కాలేజీలో చేరేటప్పుడు మనమూ, మన తల్లిదండ్రులూ హామీపత్రం ఇస్తున్నాం. అయితే చట్టం కొట్టే చేతిని ఆపగలదు గాని, చేయి పట్టుకుని నడిపించమని ఎవరినీ నిర్బంధించలేదు. భయం పోయిన చోట స్నేహం రావాలి కదా? మన దగ్గర వచ్చింది మౌనం.

ఈ మౌనం వల్ల నష్టపోయేది ఎవరు? డాక్టరుగారి అబ్బాయికి సీనియరు ఇంట్లోనే ఉన్నాడు. నీట్‌లో సీటు రాక బి.యస్సీ.లో చేరిన రైతుబిడ్డకు ఎవరున్నారు? ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో మా నాన్నకు తెలుసు. ఫిజియోథెరపీకీ ల్యాబ్ టెక్నాలజీకీ తేడా అడిగితే ఆయనేం చెబుతాడు పాపం! నీట్‌కు పై వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. ఆ సంగతి తెలియక, ఇరవై ఆరేళ్లొచ్చాయని పుస్తకాలు అమ్మేసుకున్నవాణ్ణి నేనెరుగుదును.

అమెరికాలో సాధారణంగా డిగ్రీ అయ్యాకే మెడిసిన్. అందుకని వైద్యరంగానికి వెళ్లదలచినవాళ్లు డిగ్రీలోనే సంఘాలుగా ఏర్పడతారు. ఆల్ఫా ఎప్సిలాన్ డెల్టా 1926లో అలబామా విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఫై డెల్టా ఎప్సిలాన్ 1904లో కార్నెల్ వైద్య కళాశాలలో పుట్టింది. యూదులని తమను గడప తొక్కనీయని రోజుల్లో ఆ విద్యార్థులే తమకొక గడప కట్టుకున్నారు. ఇలాంటి సంఘాల్లో కొత్తవాడిని ఒక అన్నకో అక్కకో అప్పగించడం చాలాచోట్ల ఆనవాయితీ. ఏ కోర్సు ముందు చదవాలి, ప్రవేశ పరీక్షకు ఎప్పుడు కూర్చోవాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి అన్నది వాళ్లే చెబుతారు.

అక్కడ అంతా బంగారమని అనను. కొత్తవాళ్లను హింసించే జాడ్యం అక్కడి విద్యార్థి సంఘాల్లోనూ ఉంది. అలాంటి సంఘటనలకు కాలేజీలు లెక్క చెప్పి తీరాలని 2024 డిసెంబరులో చట్టమే చేయవలసి వచ్చింది. తాలు తూర్పారబట్టి గింజను తెచ్చుకుందాం. ఒకరికొకరు బాధ్యులు కావడమే ఆ గింజ.

వాట్సాప్ గ్రూపుంది కదా అంటారు కొందరు. రెండువందల మంది మధ్య అడగడానికి సిగ్గు, జవాబు చెప్పడం ఎవరి బాధ్యతా కాదు. సీనియర్లకే సీటు రాలేదు, వాళ్లేం చెబుతారని మరికొందరు. గుంత ఎక్కడుందో పడినవాడికే బాగా తెలుసు! సీటొచ్చినవాడి ఫొటో కోచింగ్ సెంటరు గోడమీద ఉంటుంది. రానివాడి అనుభవం ఎక్కడా దొరకదు. లాంగ్‌టర్మ్ కోచింగుకు ఎకరం అమ్ముకున్న ఇంటివాడు “ఇక చాలు తమ్ముడూ, నర్సింగూ, ల్యాబూ కూడా వైద్యసేవే” అంటే, ఆ మాట ఇంకొకరి ఎకరాన్ని కాపాడుతుంది.

కనుక యూనియన్ వారికి నా మనవి. ఫ్రెషర్స్ డే నాడు గులాబీలిచ్చి సరిపెట్టకండి. చివరి సంవత్సరం వారిలో ఇష్టపడి ముందుకొచ్చినవారికి కొత్తవాళ్లను ఇద్దరేసి అప్పగించండి. నెలకొక గంట చాలు, ఒక లెక్చరర్‌గారికి తెలిసేలా జరగాలి. ఆడపిల్లలు కోరితే అక్కలనే ఇవ్వండి. చందాలు వద్దు, ప్రమాణాలు వద్దు.

నాట్లప్పుడు ఇవాళ పక్కింటివాళ్లు మా మడిలోకొస్తే, రేపు మేం వాళ్ల మడిలోకి వెళతాం. కాలేజీలో ఒక్కటే తేడా: అన్న చేసిన సాయాన్ని అన్నకు తీర్చలేం, వచ్చే ఏడు చేరబోయే తమ్ముడికే తీర్చాలి.

— ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి