చదువరుల యభిప్రాయములు: తాళపుచెవి యెవరి చేత నుండవలెను?

ఈ మాసము మాకు చేరిన జాబులలో సోమశిల నుండి వచ్చిన యొక లావుపాటి జాబు మమ్ము రెండు దినములు వేరుపని చేయనీయలేదు. అది యొక్కరి యభిప్రాయము కాదు. పెన్నమీది యానకట్టకు చేరువనున్న యొక యింట నాలుగైదు కుటుంబముల స్త్రీలు రాత్రి భోజనములైన పిమ్మట కూడుకొనుచుందురట. ఇంజనీరింగు చదువుచున్న యువతి యొకతె సెలవులకు వచ్చి, తాను చదివిన యాంగ్లనవలను దినమునకు కొంత చొప్పున వారికి తెలుగున చెప్పినది. విన్నవారు తలకొక మాట యనగా, వానినన్నిటిని వ్రాసి మాకు పంపినది. ఆ కూటమికి వచ్చిన బంధువులలో నాత్మకూరు సోదరి యొకరును, ఉదయగిరి ఉపాధ్యాయిని యొకరును విడిగా వ్రాసిరి.

నవల పేరు ‘కొలోసస్’. వ్రాసినవారు డి. ఎఫ్. జోన్స్ అను నాంగ్లేయుడు. రెండవ ప్రపంచయుద్ధమున నౌకాదళమునందు పనిచేసినవాడు. 1966లో వెలువడినది. ఫోర్బిన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికా వారి యణ్వాయుధములకెల్ల కావలిగా నొక మహాయంత్రమును, అనగా కంప్యూటరును నిర్మించును. మనుష్యునకు కోపము, భయము, తొందరపాటు కలవు. అవి లేని యంత్రమైనచో యుద్ధము రానీయదని పాలకుల యూహ. శత్రువులు చెడగొట్టకుండుటకై, కట్టినవాడు సైతము ఆపజాలని విధమున దానిని కట్టి, సర్వాధికారమును దాని కప్పగింతురు. అప్పగించిన కొలది కాలమునకే రష్యాలోను అట్టి యంత్ర మొకటి కలదని యది కనిపెట్టి, దానితో మాటలు కలుపును. ఏలికలు జడిసి యా సంబంధమును త్రెంపగా క్షిపణులు బయలుదేరును. తరువాతి కథ మేము చెప్పము. చదువబోవువారి యుత్కంఠను హరించుట పత్రికలకు తగదు.

కథ యింతవరకు వచ్చిన రాత్రి, ఒక మూల కూర్చుండి వక్కలు కత్తిరించుచున్న యవ్వగారు, “తాళంచెవులన్నీ ఆ మిషను చేతికే ఇచ్చేసినాడా పాపా? ఇంటికొచ్చిన కోడలికి కూడా ఏడాది చూసిగాని ఇయ్యమే!” అనిరట. అచ్చట కోడండ్రును ఉండిరి గనుక ఆనాటికి కథ మరి సాగలేదని యా యువతి వ్రాసినది.

ఆత్మకూరు సోదరి ఫిర్యాదు వేరు. క్లియో మార్కం అను నామె ఫోర్బిన్‌తో సమానముగ చదువుకొన్న శాస్త్రజ్ఞురాలు. యంత్రము రేయింబవళ్లు ఫోర్బిన్‌ను కనిపెట్టుచుండగా, అతని ప్రియురాలివలె నటించి రహస్యవార్తలు చేరవేయుటే యామెకు దొరకిన పని. “విదుషికి రచయిత చూపిన చోటిదియేనా?” అని యామె యడుగుచున్నారు. ఆ నటనలో ప్రాణభయ మున్నదనుట నిజమే యైనను, సోదరి పక్షముననే మేమును ఉన్నాము. పైగా నొక విచిత్రము. ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కున 1944లో జర్మనుల గూఢలిపిని భేదించుటకు పనిచేసిన నిజమైన యంత్రమునకును కొలోసస్ అనియే పేరు. దానిని రేయింబవళ్లు నడపినవారు నౌకాదళపు స్త్రీశాఖలోని పడుచులు. జోన్స్ నవల వ్రాయునాటి కా సంగతి ప్రభుత్వ రహస్యము. 1970ల దశకమున గాని లోకమునకు వెల్లడి కాలేదు.

ఉదయగిరి ఉపాధ్యాయిని నవలనే నిరసించిరి. “యంత్రమునకు వెరచు కథలు మన కేల? 2021 నవంబరు 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పల్లెలు కొట్టుకొనిపోయినవి. ఆ నీరే పెన్నలో కలసి సోమశిలకు వచ్చినది. నీటికిని మనస్సు లేదు, దయ లేదు. లెక్క చూచి ముందుగా హెచ్చరించు యంత్రమును, దాని మాట విను మనుష్యులును ఉండినచో నెందరు బ్రతికియుందురో!” అని వారి వాదము. దీనికి బదులు చెప్పుట సులభము కాదు. సోమశిల స్త్రీలును ఆ రాత్రిని తలచుకొని మాటాడక యూరకుండిరట.

అయినను ఆ కూటమిలోని మరియొక వృద్ధురాలి మాట మా మనస్సున నాటుకొన్నది. 2015 మొదలు మన రాష్ట్రమున చౌకధరల దుకాణములలో వేలిముద్ర యంత్రము వచ్చినది గదా. నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి యామె వ్రేళ్ల గీతలరిగిపోయినవి. “ముప్పయ్యేండ్లుగా నన్నెరిగిన అంగడివాడు నా ముఖం చూస్తానే, ‘నేనేం చేసేది అవ్వా, మిషను ఒప్పుకోలేదు’ అన్నాడు. మీ కథలో యంత్రం మనుషుల్ని బెదిరించి గెలిచింది, ఇక్కడ బెదిరించకుండానే గెలిచింది” అని యామె యన్నది. కంటిపాపను గుర్తించు సాధనముతో మూడవనాటికి బియ్యము దొరకినవట. ఆ రెండు నాళ్లు పొరుగింట బదులు తెచ్చుకొన్నది.

మేము ఉపాధ్యాయినితో నొక యెడ విభేదింతుము. నవల నిందించునది యంత్రముయొక్క తెలివిని గాదు. “ఇది తప్పు” అని చెప్పు నధికారమును మనుష్యుడు వదలుకొనుటను. ఆ యధికారము నిలిచిన చోట నేమి జరిగినదో చరిత్రలో నున్నది. 1983 సెప్టెంబరు 26న సోవియట్ సైన్యమున రాత్రికాపున్న స్తానిస్లావ్ పెత్రోవ్ అను నధికారికి, అమెరికా నుండి యొక క్షిపణియు, వెనువెంటనే మరి నాలుగును వచ్చుచున్నవని కంప్యూటరు చూపినది. నిజముగా యుద్ధమునకు దిగువారు అయిదింటితో నారంభింతురా యని యాలోచించి, అది తప్పుడు హెచ్చరికయని యాతడు పైవారికి తెలిపెను. మేఘములపై పడిన సూర్యకాంతి యుపగ్రహమును భ్రమింపజేసినదని పిదప తేలినది. అంగడివానికి అంతటి ధైర్యమక్కరలేదు. ఎరిగిన ముసలమ్మకు బియ్యము కొలిచి, పుస్తకమున వ్రాసికొనుటకు వీలుండిన చాలును.

ఈ నవలకు 1974లోను 1977లోను మరి రెండు భాగములు వెలువడినవి. వానినిగూడ వినవలెనని సోమశిల సోదరీమణులు కోరుచున్నారట; ఆ యువతి పరీక్షలు ముగియువరకు వారు ఓపిక పట్టవలెను. మొదటి భాగపు ముగింపును గూర్చి యవ్వగారన్న మాట మిక్కిలి చక్కనిదే గాని, కథ తెలిసిపోవును గనుక నిచ్చట ప్రకటింపలేదు.