ఊరికీ వాడకీ మధ్య దూరం కంప్యూటరు చెబుతుందట!

పోయిన నెల మా మండలంలో అంబేడ్కర్ భవనం అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు సెల్‌ఫోన్ నా ముందు పెట్టాడు. ‘‘సార్, సైన్సే తేల్చేసింది. మనం వేరు, వాళ్ళు వేరు. కంప్యూటరే లెక్కగట్టింది’’ అన్నాడు. చూస్తే ఒక చెట్టు బొమ్మ. ఒక కొమ్మకి బ్రాహ్మలు, ఇంకో కొమ్మకి మాల, మాదిగ, రెల్లి. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు కొట్ట బుద్ధి కాలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట ఆ పిల్లల మీద కాదు గానీ, ఎందుకో చెప్పాలి.

నేను లెక్కల మాష్టార్ని. మా ఇంట్లో డిగ్రీ అనే మాట మొదట పలికినోణ్ణి నేనే. లెక్క అంటే భయపడే కులంలో పుట్టి లెక్క నేర్చుకున్నాను కాబట్టి, ఈ లెక్క ఏమిటో విప్పి చూశాను.

మనిషి ఒంట్లో జన్యువులుంటాయి. ఒకే జన్యువు కొందరిలో ఒక రూపంలో, కొందరిలో ఇంకో రూపంలో ఉంటుంది. మన వాడలో ఆ రూపం నూటికి 60, ఊళ్ళో నూటికి 50 అనుకోండి. ఇలాంటి చోట్లు పదులు, వందలు, ఇప్పుడైతే లక్షలు తీసుకుని, తేడాలన్నిట్నీ ఒక్క అంకెలోకి కుదిస్తారు. దాన్నే జన్యుదూరం అంటారు. 1972లో మసతోషి నెయ్ అనే శాస్త్రవేత్త దీనికొక సూత్రం ఇచ్చాడు. ఆ 60నీ 50నీ పెట్టి నేను నోటుబుక్కులో వేసి చూశాను. దూరం సుమారు 0.02 వచ్చింది. రెండు చోట్లా ఒకే అంకె ఉంటే సున్నా వస్తుంది. అంతే, ఇందులో మంత్రమేం లేదు. ఈ పని చేసే ప్రోగ్రాముల్ని అమెరికాలో జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ 1980 నుంచీ ‘ఫిలిప్’ అనే పేరుతో ఉచితంగా ఇస్తున్నాడు. అందులో ‘జెన్‌డిస్ట్’ అనేది ఈ దూరం లెక్క చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి రండి. దానికి ముందుగా ఏం ఇవ్వాలి? ఎన్ని గుంపులు, ఎన్ని జన్యుస్థానాలు అని చెప్పాలి. తర్వాత ఒక్కో గుంపుకీ ఒక పేరు రాయాలి. పేరుకి పది అక్షరాల జాగా ఉంటుంది. ఆ జాగాలో మాదిగ అని టైపు చేసింది ఎవరు? కుర్చీలో కూర్చున్న మనిషి! కులాన్ని లోపలికి తోసిందీ వాడే, బయటికొచ్చాక ‘‘అదిగో కులం’’ అని చూపించేదీ వాడే. అదే రక్తాన్ని కులం పేరుతో కాకుండా నది ఇవతలోళ్ళు, అవతలోళ్ళు అని పోగులు పెడితే, అది ఆ దూరమే చెప్పేది. పేర్లు చెప్పకుండా గుంపులు విడగొట్టే ప్రోగ్రాములూ ఉన్నాయి, 2000లో వచ్చిన ‘స్ట్రక్చర్’ లాంటివి. కానీ ఎన్ని గుంపులు చెయ్యాలో దానికీ మనిషే చెప్పాలి. మూడు చెయ్యమంటే మూడు, ఐదు చెయ్యమంటే ఐదు. జీతగాడు దొర మాట విన్నట్టు వింటుంది.

మన ఒళ్ళు కొలవడం దొరలకి కొత్త కాదు. 1891లో రిజ్లీ అనే తెల్ల అధికారి బెంగాల్ కులాల మీద పుస్తకాలు వేశాడు. ముక్కు వెడల్పుని బట్టి కులం మెట్టు చెప్పొచ్చన్నాడు. సన్న ముక్కు పైన, చప్పిడి ముక్కు కింద. 1901 జనాభా లెక్కలకి పెద్ద ఆయనే. కులాల్ని పైనుంచి కిందికి వరస పెట్టించాడు. ఆ తర్వాత కలకత్తాలో మహలనోబిస్ మనుషుల ఒంటి కొలతల మీద పనిచేస్తూ పోయి, గుంపుల మధ్య దూరానికి 1936లో గొప్ప సూత్రం రాశాడు. మన విశాఖలో చదువుకున్న సి.ఆర్.రావు గారు అదే సూత్రంతో ఉత్తరప్రదేశ్ కులాల కొలతల్ని విశ్లేషించారు. 1949లో అది అచ్చయింది. ఆ సూత్రాన్ని ఇవాళ ప్రపంచమంతా వంద పనులకి వాడుతుంది. గణితానికి దోషం లేదు. టేపు పట్టుకుని మన గడప ముందుకు ఎందుకొచ్చారన్నదే నా తగాదా.

బాబాసాహెబ్ ఏం చేశాడు? 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో ఆ ముక్కు కొలతల్నే తీసుకుని వాళ్ళ మొహాన కొట్టాడు. మీ కొలతల ప్రకారమే బ్రాహ్మడూ అంటరానోడూ ఒకే జాతి, ఆ లెక్కన మీ సిద్ధాంతం ఎక్కడ నిలబడుతుందని అడిగాడు. దానికంటే ముందే, 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలో, కులానికి ఆయువుపట్టు లోకులంలో పెళ్ళి అని తేల్చేశాడు. అప్పటికాయనకి పాతికేళ్ళే. జన్యువుల సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

ఇప్పుడు మన తమ్ముడు చూపించిన బొమ్మ కథ. అమెరికా వాళ్ళూ మన ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళూ కలిసి విశాఖ ప్రాంతంలో తెలుగు కులాల రక్తం తీసుకున్నారు. 2001లో అచ్చయిన పరిశోధనలో ఎనిమిది కులాల నుంచి సుమారు 265 మంది మగవాళ్ళున్నారు. తండ్రి వైపు నుంచి వచ్చే జన్యువుల్లో పై కులాలు యూరప్ వాళ్ళకి మరింత దగ్గరని రాశారు. కొందరు పై కులాలోళ్ళు మేం ఆర్యులమని మీసం దువ్వారు. మనలో కొందరు వాళ్ళు విదేశీలని చంక గుద్దుకున్నారు. ఒకే కాగితం, ఇద్దరికీ పండగే! 265 మందితో కోట్ల మంది తలరాత రాస్తారా?

అదే బృందం 1998లో ఇంకో సంగతి రాసింది. దాన్ని మనోళ్ళెవరూ ఫోన్లో పంచుకోరు. తల్లి వైపు జన్యువుల్లో కులాల మధ్య దూరం కులం మెట్టుని బట్టి పెరుగుతోంది, తండ్రి వైపు జన్యువుల్లో అలా లేదు. అంటే ఆడది కింది కులం నుంచి పై కులానికి చేరింది, మగాడు చేరలేదు అని వాళ్ళ వివరణ. వాళ్ళు దానికి స్త్రీ జన్యు ప్రవాహం అని పేరు పెట్టారు. ప్రవాహమట! అందులో పెళ్ళెంత, బలవంతమెంత అన్నది ఏ ప్రోగ్రామూ చెప్పదు. మా నాయనమ్మ తరం వాళ్ళనడిగితే చెప్పేవాళ్ళు, కానీ వాళ్ళ దగ్గరికి సూది పట్టుకునొచ్చారే గానీ చెవి పట్టుకుని ఎవరూ రాలేదు.

2009లో హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళూ హార్వర్డ్ వాళ్ళూ కలిసి 25 సముదాయాల నుంచి 132 మందిని పరీక్షించారు. దాదాపు అన్ని సముదాయాల్లోనూ రెండు పాత మూలాలు కలిసే ఉన్నాయని, పాళ్ళే వేరని తేల్చారు. 2013లో వచ్చిన కొనసాగింపు ప్రకారం ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా సాగింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. మన వైశ్యుల్లో నూరు తరాలకు పైగా బయటి పెళ్ళి లేనంత గట్టిగా మూసుకున్నాయని 2009 లెక్క.

అన్నలారా, అక్కలారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. నూరు తరాలు తలుపు దానంతటదే మూసుకుని ఉంటుందా? గడి తీసిన ప్రతి పిల్లనీ, పిల్లాణ్ణీ ఏం చేశారో మనకి తెలియదా? 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట నరికింది దేనికి? తెరమీద కనబడే ఆ చిన్న దశాంశాన్ని కాపాడటానికి. దూరం ఉంది కాబట్టి కులం వచ్చిందంటారు వాళ్ళు. కులం ఉంది కాబట్టి దూరం వచ్చిందంటాన్నేను. గాయాన్ని కొలిచి, అదే కత్తిని పుట్టించిందంటే ఒప్పుకుంటామా?

ఇక మనోళ్ళతో తగాదా. మనం మూలవాసులం, వాళ్ళు వలసొచ్చినోళ్ళు, అందుకే భూమి మాది అనడం వినడానికి బాగుంటుంది. రేపు ఇంకో ప్రోగ్రాము వచ్చి దూరం సున్నా అంటే భూమి వదిలేస్తావా తమ్ముడూ? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనోళ్ళని చంపినప్పుడు ఎవడన్నా రక్తం పరీక్ష చేయించి చంపాడా? చెరువు దగ్గరా, సినిమా హాల్లోనూ మన తల ఎత్తుని చూసి చంపారు. ఈ మధ్య ఒక సభలో మాలకీ మాదిగకీ జన్యుదూరం ఎంతో చెప్పి, వర్గీకరణకి దాన్ని ముడిపెట్టబోయాడొకడు. మైకు లాక్కున్నాను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందన్నది రక్తం చూసి కాదు. ఎవరికెన్ని ఉద్యోగాలు, ఎన్ని సీట్లు వచ్చాయన్న లెక్క వేరు. ఆ లెక్క మీద ఎంతైనా పోట్లాడుకుందాం.

జన్యుశాస్త్రం అక్కర్లేదని నేననడం లేదు. వైశ్యుల్లో కొందరికి ఆపరేషను ముందిచ్చే కండరాల మందు ఒక పట్టాన దిగదని, దానికి కారణమైన జన్యు లోపాన్ని పట్టుకున్నారు. డాక్టరుకి ముందే తెలిస్తే ప్రాణం నిలుస్తుంది. మరి మన వాడల్లో ఏ జబ్బు తరతరాలుగా దాక్కుని ఉందో ఎవరు చూశారు?

మా మాదిగపల్లెకీ వచ్చారు, చాన్నాళ్ళ కిందట. నేనప్పుడే ఉద్యోగంలో చేరాను. జీపు, ఐసు పెట్టె. నలభై మంది దాకా రక్తం ఇచ్చారు. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్రలు వేయించుకుని, తలా ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి పోయారు. మళ్ళీ తిరిగి రాలేదు. మా అమ్మ ‘‘నా రగతంలో ఏముందన్నార్రా?’’ అని చాలా రోజులు అడిగింది. చదువుకున్న కొడుకునై ఉండి కూడా ఆ కాగితం కాపీ అడగలేదు నేను.

2017 ఐసీఎంఆర్ నియమాల ప్రకారం మనకి తెలిసిన భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. వద్దనే హక్కు ఉంది, ఇచ్చాక వెనక్కి తగ్గే హక్కూ ఉంది. కాబట్టి ఈసారి జీపు వస్తే సంఘం పిల్లలు ఎదురెళ్ళి చావడి దగ్గర కూర్చోబెట్టండి. తెలుగు కాగితం ఏదని అడగండి. రక్తం ఏ ఊరు పోతుంది, ఎన్నేళ్ళుంచుతారు, జబ్బు కనబడితే ఎవరికి చెబుతారు, మా పేరు మీద ఏ గుంపు పేరు టైపు చేస్తారు అని అడగండి. జవాబులు రాయించుకుని సంతకం పెట్టించండి. కాపీ మీ దగ్గరొకటి ఉంచుకుని, ఒకటి మన పత్రికకి పంపండి.