15 లక్షల మంది ఎక్కుతారన్నారు.. 5 లక్షల దగ్గరే ఆగింది! హైదరాబాద్ మెట్రో అంచనా ఎక్కడ తప్పింది?

సాయంత్రం 6 గంటలకు అమీర్‌పేట స్టేషన్‌లో నిలబడి 'మెట్రోకి జనం రావడం లేదట' అని ఎవరితోనైనా అనండి, నవ్వుతారు. ఆ టైమ్‌లో కోచ్‌లో కాలు పెట్టే సందు ఉండదు. కానీ లెక్కలు చూస్తే సీన్ వేరు. ప్రాజెక్టు కాగితాల మీద ఉన్నప్పుడు మొదట్లో రోజుకు 15 లక్షల మంది, 2024 నాటికి 22 లక్షల మంది ప్రయాణిస్తారని అంచనా వేశారు. 2017 నవంబర్ 28న ప్రారంభమైన మెట్రో, ఒక్కరోజులో 5 లక్షల మార్క్ దాటింది 2023 జులైలో. ఆ తర్వాత కూడా అటూ ఇటూగా అక్కడే తిరుగుతోంది.

ఇన్నాళ్లూ ఈ తేడా ఎల్ అండ్ టీ సంస్థ తలనొప్పి. ఇకపై కాదు. ఫేజ్-1ని టేకోవర్ చేసేందుకు 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ సర్కార్ ఓకే చెప్పింది. దాదాపు 13 వేల కోట్ల అప్పు, ఈక్విటీ కింద మరో 2 వేల కోట్ల వరకు. సూటిగా చెప్పాలంటే, ఎక్కుతారనుకుని ఎక్కని ఆ 10 లక్షల మంది బిల్లు ఇక ట్యాక్స్ కట్టే జనం మీద పడుతుంది. మరోవైపు 76.4 కిలోమీటర్ల ఫేజ్-2 ప్రతిపాదనను రాష్ట్రం 2024 నవంబర్‌లోనే కేంద్రానికి పంపింది. ఖర్చు 24,269 కోట్లు. ఆ డీపీఆర్ వెనకాల కూడా ఇలాంటి అంచనానే ఉంటుంది. అందుకే ఆ నంబర్ ఎలా పుడుతుందో తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది.

అసలు ఈ నంబర్ ఎలా వస్తుంది?

చాలా డీపీఆర్‌లలో వాడే పద్ధతి 1950ల్లో అమెరికాలో, డెట్రాయిట్, షికాగో నగరాల కోసం తయారైంది. నగరాన్ని చిన్న చిన్న జోన్లుగా విడగొడతారు. ఒక్కో జోన్ నుంచి రోజూ ఎన్ని ప్రయాణాలు మొదలవుతాయి, అవి ఏ జోన్‌కి వెళ్తాయి, బస్సా బైకా రైలా, చివరికి ఏ రూట్‌లో.. ఈ నాలుగు ప్రశ్నలకు వరుసగా జవాబు వెతుకుతారు. ఇంటింటి సర్వే, జనాభా, ఉద్యోగాల లెక్కలు దీనికి ముడిసరుకు.

మొదటి రెండూ కొంత నయం. గొడవంతా మూడో ప్రశ్న దగ్గరే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ హైటెక్ సిటీలో పనిచేసే కుర్రాడు ఉన్నాడనుకోండి. బైక్ తీస్తే గల్లీలోంచి నేరుగా ఆఫీస్ పార్కింగ్‌కి. మెట్రో అయితే స్టేషన్ దాకా నడక, మెట్లు, చెకింగ్, వెయిటింగ్, అమీర్‌పేటలో దిగి మరో లైన్, దిగాక మళ్లీ షేర్ ఆటో. రైల్లో కూర్చున్న 10 నిమిషాలు, ఎండలో ఆటో కోసం నిలబడ్డ 10 నిమిషాలు మనసుకి ఒకటి కావు. నడక, ఎదురుచూపులకు పట్టే సమయం జనానికి దాదాపు రెట్టింపుగా అనిపిస్తుందని ఈ రంగంలో ఎప్పటినుంచో వాడుతున్న లెక్క. మ్యాప్ మీద గీత గీసి చుట్టుపక్కల జనాభాను కూడేస్తే ఇదేమీ కనిపించదు.

దీన్ని గణితంలోకి తెచ్చినవాడు డేనియల్ మెక్‌ఫాడెన్. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో 1972లో బార్ట్ రైలు మొదలైంది. 15 శాతం మంది ప్రయాణికులు దానికి మారతారని అధికారిక అంచనా. మెక్‌ఫాడెన్ బృందం మాత్రం ఏడొందల పైచిలుకు మంది ఉద్యోగులను అడిగి, ఒక్కొక్కరు టైమ్‌నీ డబ్బునీ ఎలా బేరీజు వేస్తున్నారో చూసి 6.3 శాతమే అని తేల్చింది. తీరా వచ్చింది 6.2 శాతం! ఆయనకు 2000లో ఎకనామిక్స్ నోబెల్ తెచ్చిపెట్టిన పని ఇదే.

ఆ తర్వాత మోడల్స్ ఇంకా ముందుకెళ్లాయి. ఇప్పుడు ఒక్కో ట్రిప్‌ని కాకుండా మనిషి రోజు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారు. పాపని స్కూల్లో దింపి, ఆఫీస్‌కెళ్లి, వచ్చేటప్పుడు కూరగాయలు కొనే తల్లికి స్కూటీ ఎందుకు కావాలో పాత మోడల్‌కి అర్థం కాదు, దీనికి అర్థమవుతుంది. ఇదే శాన్‌ఫ్రాన్సిస్కో 2000 నాటికే దీన్ని వాడుకలోకి తెచ్చింది. పైగా ఇప్పుడు మొబైల్ లొకేషన్లు, స్మార్ట్ కార్డ్, క్యూఆర్ టికెట్ల డేటా కూడా ఉంది. ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో మన మెట్రో సర్వర్లకు తెలుసు. ఎక్కనివాళ్లు ఎందుకు ఎక్కలేదో మాత్రం ఏ సర్వరూ చెప్పదు, దానికి మళ్లీ గడప తొక్కి అడగాల్సిందే.

టెక్నాలజీ పెరిగినా తప్పు ఎందుకు ఒకే వైపు?

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబియా బృందం 14 దేశాల్లోని 210 ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ఒక స్టడీ ఇచ్చింది. ప్రతి 10 రైలు ప్రాజెక్టుల్లో 9 చోట్ల ప్రయాణికుల సంఖ్యను ఎక్కువ చేసి చూపించారు. సగటున అనుకున్నదానిలో సగం మంది కూడా ఎక్కలేదు. పొరపాటు అంటే కొన్నిసార్లు ఎక్కువ, కొన్నిసార్లు తక్కువ రావాలి కదా. ఎప్పుడూ ఒకే వైపు వస్తే దాన్ని పొరపాటు అనలేం. పెద్ద నంబర్ ఉంటేనే ప్రాజెక్టుకు అనుమతి, అప్పు దొరుకుతాయి. మన మెట్రో రైల్ పాలసీ-2017 ప్రకారం కనీసం 14 శాతం ఆర్థిక ప్రతిఫలం చూపించాలి. ఆ ప్రతిఫలం ప్రధానంగా ప్రయాణికుల సంఖ్య మీదే నిలబడుతుంది.

హైదరాబాద్ అయితే ఈ విషయంలో ఒక క్లాసిక్. 2008లో మేటాస్ కన్సార్షియం సర్కార్ సాయం అడగకపోగా, 35 ఏళ్లలో తామే ఎదురు 30,311 కోట్లు ఇస్తామని టెండర్ గెలిచింది. ఇది రియల్ ఎస్టేట్ వ్యవహారంలా ఉందని అప్పటి ఢిల్లీ మెట్రో చీఫ్ శ్రీధరన్ ప్లానింగ్ కమిషన్‌కు లేఖ కూడా రాశారు. 2009 జనవరిలో సత్యం స్కామ్ బయటపడింది, అదే ఏడాది కాంట్రాక్ట్ రద్దయింది. అదే మెట్రోని మరుసటి ఏడాది ఎల్ అండ్ టీ దక్కించుకుంది.. ప్రభుత్వం నుంచి 1,458 కోట్లు తీసుకునేలా! ఒకే నగరం, అవే మూడు కారిడార్లు, రెండు టెండర్ల మధ్య తేడా 31 వేల కోట్లకు పైనే.

మెట్రో తరఫున చెప్పాల్సింది కూడా ఉంది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పాతబస్తీ లైన్ ఫేజ్-1లో రాలేదు. కొవిడ్ వచ్చింది, వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంతో మహిళలకు బస్సు ఫ్రీ. ఇవేవీ 2008లో ఏ మోడలూ ఊహించలేదు, ఊహించాలనడం అన్యాయం. ఇక ప్లాట్‌ఫామ్‌లు 6 కోచ్‌లకు సరిపడా కట్టి, 3 కోచ్‌ల రైళ్లతోనే నెట్టుకొస్తుంటే పీక్ అవర్‌లో రావాలనుకున్నవాళ్లు కూడా వెనక్కి పోతారు. అమీర్‌పేటలో రద్దీ, ఖాతాలో లోటు.. రెండూ నిజమే కావడానికి ఇదొక కారణం.

అందుకే బ్రిటన్ 2004 నుంచి వేరే దారి పట్టింది. ప్రాజెక్టు వాళ్లు ఇచ్చిన అంచనాని గుడ్డిగా తీసుకోకుండా, గతంలో అలాంటి ప్రాజెక్టుల్లో ఖర్చు, లాభాల లెక్కలు ఎంత తేడా కొట్టాయో చూసి దాని ప్రకారం సర్దుబాటు చేస్తారు. మన దగ్గరా కేంద్రం ఈ మధ్య ప్రశ్నలు మొదలుపెట్టింది. 2025 నవంబర్‌లో కోయంబత్తూరు, మధురై మెట్రో ప్రతిపాదనలను తిప్పి పంపింది. చెన్నైలో అంతకంటే పొడవైన లైన్‌కే రాని జనం కోయంబత్తూరులో ఎలా వస్తారన్నది అక్కడ ఒక అభ్యంతరం. 38.4 కిలోమీటర్ల విజయవాడ, 46.23 కిలోమీటర్ల విశాఖ మెట్రో ఫైళ్లకు కూడా ఈ ప్రశ్న తప్పకపోవచ్చు.

హైదరాబాద్ ఫేజ్-2లో అన్నింటికంటే గట్టిగా పరీక్షించాల్సింది నాగోల్-శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కారిడార్. 36.8 కిలోమీటర్లు, అంటే ఫేజ్-2లో దాదాపు సగం ఇదే. తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్నవాడు సూట్‌కేసులతో మెట్రో ఎక్కుతాడా? విమానం ఎక్కని రోజున ఆ లైన్ ఎవరిది? మోడల్‌లో టికెట్ ధర ఎంత పెట్టారు, ఫ్రీ బస్సు కొనసాగుతుందనుకున్నారా లేదా, 3 కోచ్‌లా 6 కోచ్‌లా.. ఇవి మార్చితే అంచనా ఎంత పడిపోతుందో డీపీఆర్‌లో ఒక టేబుల్ సరిపోతుంది. ఒకే ఒక్క పెద్ద నంబర్ కాకుండా ఆ టేబుల్‌ని, ఒప్పందాల మీద సంతకాలు పడేలోపే పబ్లిక్ ముందు పెట్టాలి.