విడిచిన బట్ట, విడువరాని మాట

మన పట్టణములయందు బీరువా లేని మధ్యతరగతి గృహము లేదు. పట్టని కోటు లేని బీరువాయు లేదు. పెండ్లినాడు కుట్టించినది యొకటి, ఉద్యోగమున చేరిననాడు కొన్నది యొకటి, నడుము పెరిగినందున మూలబడిన పంట్లాములు రెండు - ఇట్టివి యేండ్లతరబడి కలరా ఉండల వాసనలో నిద్రించుచుండును. వెనుక, స్టీలుసామానుల గంపతో వీధిలోనికి వచ్చిన స్త్రీకి పాతబట్టల మూట నిచ్చి, గిన్నెనో పళ్లెమునో పుచ్చుకొనుట మన యిండ్ల ఆచారము. ఆ బేరమునందు ఇల్లాలు గిన్నెను మ్రోగించి చూచెడిది. గంప యామె బట్టను వెలుతురున కెత్తి చూచెడిది. ఇరువురి కన్నులును పనిచేసెడివి.

నేడు బజారు మారినది. కోటును తలుపునకు వ్రేలాడదీసి, సెల్‌ఫోనుతో ఫోటో తీసి, నాలుగు పంక్తుల వర్ణన చేర్చి, అంతర్జాలమున వెల కట్టి యుంచుచున్నాము. వందల మైళ్ల దూరమున నున్నవాడు, ఎన్నడు మన ముఖము చూడనివాడు, సొమ్ము పంపి తెప్పించుకొనుచున్నాడు. ఇది మంచి పనియే. పదేండ్లు నిలువగల బట్ట బీరువాలో చిమ్మెటల పాలగుటకంటె మరియొకని భుజముల నుండుట మేలు. క్రొత్తకోటు కుట్టించుకొనజాలని యువకునకు అది మర్యాదగల మార్గము. కాని ఈ బేరమునందు కన్నులు గలవాడు అమ్మువాడొక్కడే. కొనువాని చేతిలో నున్నది అమ్మువాని మాట మాత్రమే. ఈ భేదమును గుర్తింపకుండుటవలననే ఈ క్రొత్తబజారులోని తగవులలో ముప్పాతిక పుట్టుచున్నవని నా నమ్మకము.

ఈ ధర్మమును నేను గ్రంథములవలన గాక నా తప్పువలన నేర్చుకొంటిని. కొంతకాలము క్రిందట, న్యాయవాదులు ధరించు నల్లని ఉన్నికోటొకటి నాకు బిగుతైనందున దానిని 1,200 రూపాయలకు అమ్మకమునకుంచితిని. ఎడమచంక క్రింద చిమ్మెట కొట్టిన రంధ్రములు మూడుండెను. నేను వానిని చూచితిని. చూచియు, కోటుచేతిని మడచి ఫోటో తీసితిని. "మంచి స్థితిలో నున్నది" అని వ్రాసితిని. వేరొక జిల్లా యువకుడు, అప్పుడే న్యాయవాదిగా పేరు నమోదు చేసికొన్నవాడు, "లోపములేమైన గలవా?" అని అడిగెను. కోర్టుకు పోవు తొందరలో నున్నానని మనస్సునకు నచ్చజెప్పుకొని, ఆ ప్రశ్నను దాటవేసి, ఛాతీకొలత మాత్రము తెలిపితిని. అతడు సొమ్ము పంపెను. కోటు చేరిన రాత్రి అతనివద్దనుండి వార్త వచ్చెను. అందు కోపము లేదు. "రేపు ఉదయము మొదటిసారి న్యాయమూర్తి యెదుట నిలువవలెను, చేయి పైకెత్తకుండ వాదించెదను" అని మాత్రముండెను.

నా వ్రేళ్లకు మొదట తట్టిన జవాబు వకీలు జవాబే: "కొనునపుడు చూచుకొనవలసినది మీరు." దానిని టైపు చేసితిని; పంపుటకు చేయి రాలేదు. ఏమి చూచుకొనుమని చెప్పుచున్నాను? నేను దాచినదానినా? ఆ మాట చెరిపివేసి, తప్పు నాదని యొప్పుకొని, సొమ్మంతయు తిరిగి పంపి, కోటు ఉంచుకొమ్మంటిని. మరునాటి సాయంకాలము 600 రూపాయలు నా ఖాతాకు మరల వచ్చినవి. "రఫూ చేయించితిని, సగము వెల చేయును" అని అతడు వ్రాసెను. ఆ 600 రూపాయలను నాకు విధింపబడిన జరిమానాగానే నేటికిని భావించుచున్నాను.

చట్టమేమనుచున్నదని పాఠకులడుగవచ్చును. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, సరకు గుణమును కొనువాడే విచారించుకొనవలెననుట సామాన్యసూత్రము. నావంటివారు తలదాచుకొను గొడుగు ఇదియే. కాని దానికి ముందున్న 15వ సెక్షను, వర్ణననుబట్టి అమ్మిన సరకు ఆ వర్ణనకు సరిపోవలెనని శాసించుచున్నది. ముందు చూడని సరకును చేతికందిన తరువాత పరీక్షించుటకు కొనువానికి తగిన అవకాశముండవలెనని 41వ సెక్షను చెప్పుచున్నది. ఫోటో చూచుట సరకు చూచుట కాదు గదా!

ఇంకను వెనుకటిదైన 1872 నాటి కాంట్రాక్టుల చట్టములో 17వ సెక్షనునకు ఉదాహరణముగా నొక గుర్రపుకథ గలదు. గుర్రము జబ్బుదని తెలిసియు, వేలమునందు అమ్మువాడు నోరు మెదపకున్నచో అది మోసము కాదు. కాని కొనువాడు "నీవు కాదనకున్నచో గుర్రము ఆరోగ్యముగా నున్నదనియే తలచెదను" అని చెప్పినపిమ్మట అమ్మువాడు ఊరకుండెనేని, ఆ మౌనము మాటతో సమానము. తెలిసిన సత్యమును పూనికతో మరుగుపరచుట మోసమేయని ఆ సెక్షనే చెప్పుచున్నది. ఆ యువకుని ప్రశ్నయెదుట నా మౌనమెట్టిదో, మడచిన ఆ కోటుచేయి యెట్టిదో నాకు వేరొకరు చెప్పనక్కరలేదు. గుర్రములు పోయి కోట్లు వచ్చినవి. న్యాయము మాత్రము మారలేదు.

క్రొత్తచట్టములు మనలను కాపాడవా యని యింకొక ప్రశ్న. వినియోగదారుల రక్షణకై 2020లో వచ్చిన ఈ-కామర్సు నియమములు, వ్యాపారముగా గాక స్వంతహోదాలో నొక వ్యక్తి జరుపు లావాదేవీలకు వర్తింపవు. పాతబట్టలను మూటలుగా కొని నిత్యము అమ్ముకొనువాడు, ఇది నా స్వంతవ్యవహారమని తప్పించుకొనజాలడు. కాని తన బీరువా ఖాళీచేసికొను గృహస్థుని అవి ముట్టుకొనవు. అనగా ఈ బేరమునకు మిగిలినవి రెండే: పై జెప్పిన పాతచట్టములు, అమ్మువాని అంతరాత్మ. వేయి రూపాయల కోటుకొరకు ఎవడును జిల్లాకోర్టు మెట్లెక్కడు. కావున నిజమైన న్యాయస్థానము ఆ రెండవదియే.

"లోపములు మనమే వ్రాసికొన్నచో ఎవడు కొనును?" అని నా మిత్రులు కొందరు పరిహసించినారు. వారికి సమాధానము అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జి ఆకర్లాఫ్ 1970లోనే చెప్పియున్నాడు. పాతకార్ల బజారును ఉదాహరణముగా గొని ఆయన చూపినదిది: సరకులోని మంచిచెడ్డలు అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియనిచోట, కొనువాడు అన్నిటిని అనుమానించి తక్కువవెలయే యిచ్చును, ఆ వెలకు మంచిసరకు గలవాడు అమ్మజాలక బజారు విడిచిపోవును, తుదకు చెడుసరకే మిగులును. ఈ విచారణకే ఆయనకు 2001లో మరి యిద్దరితోపాటు నోబెల్ బహుమానము లభించినది. మన బజారులో నేడు జరుగుచున్నదియు నిదియే. ఎనిమిదివేలు పెట్టి కుట్టించిన నిర్దుష్టమైన కోటునకు ఎనిమిదివందలకంటె ఎవడును పలుకుట లేదని విసిగికొనువారు, తమకు ముందు పదిమంది చేసిన వంచనకు తాము మూల్యము చెల్లించుచున్నారని గ్రహింపవలెను. లోపమును ముందుగా చెప్పినవాని మాటనే, లోపము లేదన్నప్పుడును జనులు నమ్ముదురు.

ఇక చేయవలసిన పని కష్టమైనదియు కాదు. కోటుపై నున్న చీటీలోని సంఖ్యను నమ్మరాదు. ఒక కంపెనీ 40 వేరొక కంపెనీ 42 కావచ్చును. దర్జీటేపు తీసికొని, కోటును బల్లపై పరచి, భుజమునుండి భుజమునకు, చంకనుండి చంకకు, చేతిపొడవు, వీపుపొడవు కొలిచి అంగుళములలో వ్రాయవలెను. పంట్లామునకు నడుము, తొడ, లోపలికాలి పొడవు, అడుగు వెడల్పు తెలుపవలెను. కుట్టులోపల వదులుచేయుటకు బట్ట యెంత మిగిలియున్నదో చెప్పుట మరియు మంచిది. కొనువాని ఊరి దర్జీకి ఆ యొక్కమాట పదిమాటల పెట్టు. ఫోటో పగటివెలుతురులో తీయవలెను. చొక్కాకు కాలరుమడత, చంకలు, చేతికొసలు. కోటునకు మోచేతులు, లోపలి లైనింగు. పంట్లామునకు కూర్చుండుచోటు - పాతదనము ముందుగా తెలియునది ఈ తావులయందే. కావున వీనినే దగ్గరగా చూపవలెను. చిరుగున్నచో దాని ప్రక్కన రూపాయినాణెముంచి ఫోటో తీసినచో వివాదమునకు తావేలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, జేబులు వెదకి, పోస్టురసీదు భద్రపరచి పంపవలెను.

అమ్మువారికే ధర్మములు, కొనువారికి లేవా? కలవు. బేరమాడుట తప్పు కాదు. అది మన సంతలలో పుట్టిన విద్య. కాని కొలతలుగాని లోపములుగాని చదువకుండ "ఆఖరి వెల ఎంత?" అనుట బేరము కాదు, అమర్యాద. "నాకై యుంచుడు" అని చెప్పి వారముదినములు మాయమగుట, అంగీకరించిన వెలను పార్శిలు కట్టునపుడు తగ్గింపుమనుట, పెండ్లికి ధరించి వచ్చి "పట్టలేదు" అని త్రిప్పిపంపుట - ఇవి యన్నియు మాటతప్పుటలో భేదములే. ఈ జాడ్యము క్రొత్తది కాదు. 1877లో మన తపాలాశాఖలో వి.పి.పి. పద్ధతి యేర్పడినది. జాబు వ్రాసి తెప్పించుకొని, పోస్టుమాను గుమ్మము తట్టగానే "నేను కోరలేదు" అని త్రిప్పివేయువారివలన గ్రంథప్రకాశకులెంత నష్టపడినారో పుస్తకములు ప్రకటించిన ప్రతివారికిని తెలియును. దూరమున నున్నవాడు మనలను చూడడుగదా యను ధైర్యమే ఈ రెంటికిని మూలము.

పరస్పరముగా మార్కులు వేసికొను పద్ధతి దీనికి మందు కాగలదని కొందరి ఆశ. 1995లో స్థాపింపబడిన ఈబే అను అమెరికా సంస్థ ఈ పద్ధతిని లోకమునకు పరిచయము చేసినది. కాని నిజము వ్రాసిన కొనువారిపై అమ్మువారు కసితో చెడువ్రాతలు వ్రాయసాగినందున, 2008లో ఆ సంస్థయే, కొనువారికి చెడ్డమార్కు వేయు వీలును అమ్మువారినుండి తొలగింపవలసివచ్చెను. యంత్రము లెక్కలు వేయగలదుగాని మనకు బదులుగా సత్యము పలుకజాలదు.

మాటతప్పువారు వేరు, దొంగలు వేరు. వీరి విషయమున పాఠకులు జాగరూకులై యుండవలెను. కోటును చూడకయే, బేరమాడకయే, అడిగిన వెల కంగీకరించి, తాను సైన్యోద్యోగినని చెప్పుకొని, "ఈ క్యూ.ఆర్. కోడు స్కాను చేసినచో మీకు సొమ్ము వచ్చును" అని తొందరపెట్టువాడు కొనువాడు కాడు. 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను కొట్టవలసిన పనియే లేదు. పిన్ను కొట్టితిమన్న సొమ్ము మన ఖాతానుండి పోవుచున్నదని యర్థము. సొమ్ము పంపితినని చూపు ఫోటోను నమ్మక, బ్యాంకుఖాతాలో చేరినదని స్వయముగా చూచిన తరువాతనే పార్శిలు పంపవలెను. 1930 అనగానే మనకు ఉప్పుసత్యాగ్రహము స్ఫురించును. పైనుదహరించిన విక్రయ చట్టము పుట్టినదియు ఆ యేడే. నేడు సైబరుమోసమునకు లోనైనవారు పిలువవలసిన ప్రభుత్వపు టెలిఫోను సంఖ్యయు 1930యే. ఈ సంఖ్యను మరచుటకు తెలుగువానికి సాకు లేదు. ఆలస్యము చేయక పిలిచినచో, సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అవకాశము కలదు.

తుద కొక్కమాట. 1921లో విదేశవస్త్రదహనము జరుగునపుడు, కాల్చుటకంటె పేదలకిచ్చుట మేలుగదా యని పెద్దలు కొందరు వాదించిరి. గాంధీమహాత్ముడు దానికంగీకరింపలేదు. పేదవానికి కావలసినది పని. ఈయదలచినచో మనము విడిచిన బట్ట గాదు, మన బట్టలలో మేలైనది యీయవలెనని ఆయన భావము. ఆ వివాదము ముగిసి నూరేండ్లు దాటినది. కాని అందలి సారము మన బీరువా తలుపు తెరచినప్పుడెల్ల జ్ఞప్తికి రాదగినది. పాతబట్ట పుచ్చుకొనువాడు మనకంటె తక్కువవాడను తలంపు మనలో నెక్కడనో దాగియున్నది. చిరుగును దాచునట్లు చేయి మడుచునది ఆ తలంపే. దానిని విడిచిననాడు, వెల పుచ్చుకొనియు మనము ఆ మనిషిని గౌరవించినవారమగుదుము.

కావున పాఠకమహాశయులారా! ఈ ఆదివారము బీరువా తెరువుడు. మీకు పట్టనిదానిని వెలుతురున కెత్తి, ఆ గంపయామె చూచినట్లు చూడుడు. కనబడినదెల్ల వ్రాయుడు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుడు. ఆ కోటు తొడిగికొన్నవాడు ఎవరి యెదుటనైనను జంకు లేక చేయి పైకెత్తగలిగినచో, మీ అమ్మకము ధర్మముగా జరిగినట్లే.