డ్రామా థెరపీ: సర్టిఫికెట్లు ఉన్నాయి, చట్టంలో పేరేదీ?

నాటక ప్రక్రియలతో మానసిక చికిత్స చేసే డ్రామా థెరపీ పేరు మన నగరాల్లో ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. వారాంతపు వర్క్‌షాపులు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులు వచ్చాయి. వాటిలో ఒకటి పూర్తిచేసి ‘డ్రామా థెరపిస్ట్’ అని బోర్డు పెట్టుకుంటే, కాదనే స్పష్టమైన నిబంధన దేశంలో లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

బ్రిటన్‌లో ఆ హోదాకు చట్టరక్షణ ఉంది. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ ఆమోదించిన మాస్టర్స్ స్థాయి కోర్సు చదివి, రిజిస్టర్‌లో చేరినవారే ఆ పేరు వాడుకోవాలి. చదువులో భాగంగా ఆసుపత్రులు, పాఠశాలల వంటి చోట్ల పర్యవేక్షణలో పనిచేయాలి. విద్యార్థులు తామూ థెరపీ చేయించుకోవాలి. రెండేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. అమెరికాలో 1979లో ఏర్పడిన వృత్తి సంఘం గుర్తింపు ఇస్తుంది. లైసెన్సు నిబంధనలు మాత్రం రాష్ట్రానికో తీరు.

ఇంత కట్టుదిట్టం ఎందుకు? పాత్రలోకి ప్రవేశించడం కన్నా బయటికి రావడం కష్టం. చిన్నప్పుడు హింసకు గురైన మనిషి చేత ఆ ఘట్టాన్ని మళ్లీ ఆడించినప్పుడు ఎక్కడ ఆపాలో, పాత్ర నుంచి ఎలా బయటికి తీసుకురావాలో, ఎప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలో తెలియాలి. దానికి రంగస్థల అనుభవం ఒక్కటే చాలదు, సైకాలజీ డిగ్రీ ఒక్కటే చాలదు.

మన చట్టాల్లో ఈ వృత్తికి చోటు దొరకలేదు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద క్లినికల్ సైకాలజిస్టులు నమోదవుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ల వంటి వారినే నిపుణులుగా గుర్తించింది. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూల్‌లో మూవ్‌మెంట్ థెరపిస్టుల కింద ఆర్ట్, డాన్స్ థెరపీల ప్రస్తావన ఉంది. డ్రామా పేరు లేదు.

నష్టం ఇద్దరికీ. చికిత్స వికటిస్తే బాధితులు ఫిర్యాదు చేయడానికి ఈ వృత్తికంటూ ఒక కౌన్సిల్ లేదు. విదేశాల్లో లక్షలు పోసి చదివొచ్చిన వారికీ, రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్లొచ్చిన వారికీ తేడా చూపే రిజిస్టరూ లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల రంగస్థల కళలు చదివి ఈ దారి పట్టాలనుకునే తెలుగు విద్యార్థుల ముందున్న ప్రశ్న కూడా ఇదే.

నియంత్రణ పెడితే జైళ్లలో, బడుల్లో నాటకాలు వేయించేవారి చేతులు కట్టేసినట్టవుతుందన్న భయం ఉంది. దానికి బ్రిటన్ పద్ధతిలోనే జవాబుంది. అక్కడ రక్షణ హోదాకు మాత్రమే. నాటకం ఎవరైనా ఆడించవచ్చు. ఇక్కడా డ్రామా థెరపీని షెడ్యూల్‌లో చేర్చి, కనీస చదువు, పర్యవేక్షణ గంటలు నిర్ణయించాలి. అప్పటిదాకా థెరపీకి వెళ్లేవారు అడగాల్సినవి మూడు: ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు, పరిస్థితి విషమిస్తే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు?