గృహవిజ్ఞానము: మోటారుబండికి పెద్ద చల్లబెట్టు పెట్టె

సోదరీమణులారా, ఈ శీర్షికయందు పొయ్యి, నూయి, పాత్రలు మొదలగువానినిగూర్చి ముచ్చటించుట మాకు వాడుక. ఈ మాసమున వాకిట నిలిచియుండు మోటారుబండినిగూర్చి వ్రాయుచున్నాము. ఇది పురుషుల విషయము, మనకేల యని కొందఱు పుట త్రిప్పివేయుదురేమో! కొంచెము ఓపికపట్టుడు. సెలవులకు ఇంటికి వచ్చిన కుమారుడు “అమ్మా, బండికి పెద్ద హీట్ ఎక్స్‌ఛేంజరు తెప్పించినాను, మన వాకిటనే నేనే బిగించుకొందును” అనును. డబ్బు ఇంటిది, చేతులు బిడ్డవి, ఆ వాకిట పరుగులిడునది మనుమరాలు. కావున ఔననుటకుగాని కాదనుటకుగాని తల్లికి కొంత తెలిసియుండవలెను. ఇప్పుడు స్వయముగా బండి నడుపు స్త్రీలు శ్రీకాకుళమునందును విజయనగరమునందును తక్కువగా లేరు. వారికైతే మేము చెప్పవలసిన పనియే లేదు.

మోటారుబండికిని నీటికిని గల సంబంధమును తొలుత లోకమునకు ఎఱిగించినది ఒక ఇల్లాలే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను జర్మను స్త్రీ, భర్త నిర్మించిన మూడుచక్రముల బండిపై ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము ప్రయాణము చేసెను. త్రోవ పొడుగునను ఆ యంత్రము నీటిని త్రాగుచునే యుండెను; ఆమె ఆగిన చోటనెల్ల నీరు వెదకి పోయవలసివచ్చెను. ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీసూదితో బాగుచేసెను. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, 1900లో, విల్‌హెల్మ్ మైబాక్ అను ఇంజనీరు తేనెపట్టువంటి చల్లబెట్టు పెట్టెను చేసెను. అందు 8,070 సన్నని గొట్టములు. దానివలన పదునెనిమిది లీటర్ల నీటికి బదులు తొమ్మిది లీటర్లు చాలెను. ఆ బండికి ఎమిల్ జెలినెక్ అను వర్తకుని పదునొకండేండ్ల కూతురి పేరు పెట్టిరి. ఆ పిల్ల పేరు మెర్సిడెస్.

ఇక సూపర్‌ఛార్జరు సంగతి. యంత్రము పెట్రోలును మండించుటకు గాలి కావలెను. తనంత తాను పీల్చుకొను గాలి చాలనప్పుడు, ఒక ఊదుడుయంత్రముచేత గాలిని అదిమి లోనికి పంపుదురు. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో ఇది అట్టిది. యంత్రపు బెల్టుచే త్రిప్పబడునది సూపర్‌ఛార్జరు. బయటికి పోవు పొగ వేగముచే తిరుగునది టర్బో. మన వీధులలో టర్బో బండ్లే హెచ్చు. సూపర్‌ఛార్జరు గలవి వేగప్రియుల ఖరీదైన బండ్లలో అక్కడక్కడ కానవచ్చును. రెంటికిని ఒకటే చిక్కు. గాలిని అదిమినచో అది వేడెక్కును. సైకిలు ట్యూబునకు గాలి కొట్టిన పిదప పంపు అడుగుభాగమును తాకినచో చేయి చుఱుక్కుమనును కదా! ముప్పదియైదు డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్లు అదిమినచో లెక్కప్రకారము డెబ్బదిమూడు డిగ్రీలు కావలెను. నిజమైన యంత్రములో ఇంకను హెచ్చును. వేడిగాలి పలుచన. దానిని నలువదియైదు డిగ్రీలకు దింపగలిగినచో అంతే చోట నూటికి తొమ్మిది పాళ్ళు ఎక్కువ గాలి పట్టును. అంతేకాదు, మిక్కిలి వేడిగాలితో పెట్రోలు అకాలమున అంటుకొని యంత్రము లోపల టకటకమని కొట్టుకొనును. ఈ కొట్టుకొనుట ముదిరినచో ముషలకములు పగులును. దానిని తప్పించుటకే బండిలోని కంప్యూటరు మంటపెట్టు వేళను వెనుకకు జరిపి, బలమును తగ్గించివేయును. “బండి మునుపటివలె లాగుటలేదమ్మా” అని పిల్లవాడు గొణుగుట దీనివలననే.

ఈ వేడిని తీయుటకు పెక్కు సూపర్‌ఛార్జరు బండ్లలో నీటిని వాడుదురు. పసిబిడ్డకు పట్టు పాలగిన్నెను చన్నీళ్ళ పళ్ళెములో నిలిపి చల్లార్చుట మీరెఱుగుదురు. గిన్నెలోని వేడి పళ్ళెపు నీటికి చేరును. ఆ నీరు కాగినచో మార్చవలెను. బండియందు మార్చుటకు బదులు ఆ నీటిని ఒక విద్యుత్ పంపు ముందుభాగముననున్న చిన్న పెట్టెలోనికి పంపును. ఎదురుగాలి దానిని చల్లార్చి తిరిగి పంపును. ఈ ముందరి పెట్టెయే హీట్ ఎక్స్‌ఛేంజరు. యంత్రమును చల్లార్చు పెద్ద రేడియేటరు వేఱు. పెక్కు బండ్లలో దాని నీరును వేఱే. ఈ రెంటిని ఒకటిగా భావించి పొరబడువారు అనేకులు. పెట్టె చిన్నదైనచో నాలుగుమాఱులు గట్టిగా పరుగెత్తించునప్పటికి పళ్ళెపు నీరు కాగిపోయినట్లే అగును. పెద్ద పెట్టెలో రేకులు హెచ్చు, నీరును కొంచెము హెచ్చు, కావున ఆ స్థితి ఆలస్యముగా వచ్చును. కాని యెంత పెద్దదైనను బయటి గాలికంటె చల్లగా చేయజాలదు. వైశాఖమాసమున మధ్యాహ్నపుటెండలో ఆ బయటిగాలి యెట్టిదో మనకు ఎవరును చెప్పనక్కరలేదు.

కావున మొదటి ప్రశ్న, బిగించుట యెట్లని కాదు. ఇది మనకు కావలెనా యని. రథసప్తమినాడు అరసవల్లి దారిలో బండ్లు చీమలవలె ప్రాకునప్పుడు, సిరిమానోత్సవమునాడు విజయనగరపు వీధులలో చిక్కుకొన్నప్పుడు, ఈ పెద్ద పెట్టె చేయునది స్వల్పము. అప్పుడు సూపర్‌ఛార్జరునకు పనియే లేదు, ఎదురుగాలియు లేదు. పైగా ఇది రేడియేటరునకు ముందు నిలుచును గనుక, మిక్కిలి దళసరియైనచో వెనుకవానికి పోవలసిన గాలిని తానే అడ్డగించును. సాలూరు దాటి సుంకి మీదుగా కోరాపుట్టునకు ఎక్కు ఘాట్‌రోడ్డుపై నిండు బండితో తఱచుగా పోవువారి సంగతి వేఱు. అక్కడ యంత్రము చాలసేపు బలముగా లాగవలెను, బండి వేగమో తక్కువ. అట్టివారికి దీనివలన మేలుండవచ్చును. పట్టణములో బడికి, బజారుకు తిరుగు బండికి ఇది ఆభరణమే యని మా అభిప్రాయము.

క్రొత్తది కొనకముందు పాతదానిని కడిగి చూడుమనుడు. రేకుల సందులలో పురుగులు, దుమ్ము, వరిపొట్టు చేరి గాలిని ఆపుచుండును. సన్నని ధారతో మెల్లగా కడుగవలెను. జోరుగా కొట్టు నీరు రేకులను వంచివేయును. భీమునిపట్టణము, కళింగపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్ళవారు మఱింత తఱచుగా కడుగుట మంచిది, ఉప్పుగాలి అల్యూమినియమును తినివేయును గనుక. పూర్వము ఈ పెట్టెలను రాగితోను ఇత్తడితోను చేసెడివారు. చిల్లిపడినచో పట్టణములోని పనివాడు సీసము తగరము కరగించి మాటువేసెడివాడు. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి ఇత్తడి పాత్రలను ఎఱిగిన మనకు ఆ లోహముపై మక్కువ యుండుట సహజమే. అయినను వేడిని ప్రసరింపజేయుటలో అల్యూమినియము ఇత్తడికి సుమారు రెండింతలు మేలు. రాగి దానిని మించును. తేలికయు చవుకయు అగుటచే ఇప్పుడు అల్యూమినియమే వచ్చినది. మాటు మాత్రము అంత సులభముగా పడదు.

ఇంటిలో చేయుటకే నిశ్చయించినచో పని యిట్లు సాగవలెను. బండి రాత్రియంతయు చల్లారియుండవలెను. సమతలమున నిలిపి చక్రములకు అడ్డు పెట్టవలెను. బండి క్రింద దూరవలసివచ్చినచో జాకీని నమ్మి యెవరును దూరరాదు. గట్టి స్టాండ్లపై నిలిపిన పిమ్మటనే. ఈ యొక్క విషయమున మీరు మొండిపట్టు పట్టుడు. పిదప బ్యాటరీ ఋణధ్రువపు తీగను తీయవలెను. ముందు బంపరును ఇద్దఱు పట్టుకొని ఊడదీయవలెను; ఒక్కడే లాగినచో ప్లాస్టిక్ క్లిప్పులు విఱుగును. తీయుటకు ముందు ప్రతి గొట్టమును చేతిఫోనుతో ఫొటో తీసికొనుట మేలు. మరలు కలిసిపోకుండుటకు పాత పోపులపెట్టె నొకదానిని ఇచ్చుడు, ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క చోటివి. ఇంతకంటె మంచి పరికరము దుకాణములో దొరకదు! తరువాత వెడల్పాటి తొట్టి క్రిందపెట్టి, దిగువ గొట్టము వదలించి పాత ద్రవమును పూర్తిగా దింపవలెను. క్రొత్త పెట్టె దేనికిని రాచుకొనకుండ రబ్బరు దిండ్లపై కూర్చుండవలెను. నీరు వచ్చు గొట్టము, పోవు గొట్టము తాఱుమాఱు కారాదు. క్లిప్పులను బలముకొలది బిగించినచో మెత్తని అల్యూమినియపు మూతి నొక్కుకుపోవును.

అన్నిటికంటె ఓపిక కావలసినది నీరు నింపుట. కారు తయారుచేసినవారు చెప్పిన కూలెంటును, వారు చెప్పిన పాళ్ళలో, బట్టీపట్టిన నీటితో కలుపవలెను. బోరునీరు ఎంతమాత్రమును పనికిరాదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టునట్లే ఈ సన్నని గొట్టములలోను కట్టును. మన ప్రాంతమున గడ్డకట్టు చలి లేదు, వట్టి నీరు చాలదా యని కొందఱందురు. కూలెంటు చలికి మాత్రమే కాదు, లోహమునకు త్రుప్పు పట్టకుండుటకును. మెల్లగా పోసి, యంత్రమును నడుపక విద్యుత్ పంపును మాత్రమే నడిపించి, బుడగలు రానిచ్చి, మట్టము దిగినంతమేర మఱల పోయవలెను. బుడగ లోపల నిలిచినచో నీరు తిరుగదు. అంత ఖరీదు పెట్టిన పెట్టె పాతదానికంటె హీనముగా పనిచేయును. ఒకటి రెండు గంటలు పట్టినను తొందరపడరాదు. కాఱుడు లేదని చూచుకొన్న పిదపనే బంపరు బిగించవలెను. లేనిచో చేసిన పనియంతయు మఱల విప్పుటయే.

ఇక తల్లులు విశేషముగా గమనింపవలసిన సంగతి. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. ప్రెషరుకుక్కరులో నీరు నూటయిరువది డిగ్రీల వఱకు పోవుట మీకు తెలియును. ఇదియు అట్టిదే, మూత వదలగానే ముఖముపై చిమ్మును. అంతకంటె భయంకరమైనది ఆ రంగునీరు. పెక్కు కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలదు. అది తియ్యగా నుండును, షరబత్తువలె పచ్చగానో ఎఱ్ఱగానో కనబడును. పిల్లలు గాని కుక్కలు గాని కొంచెము త్రాగినను మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగును. తొలి గంటలలో బిడ్డ బాగుగనే యున్నట్లు తోచవచ్చును. అది చూచి ఊరకుండరాదు. తక్షణమే డబ్బాతోకూడ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కావున పని జరుగు దినమున పిల్లలను పుట్టింటికో పొరుగింటికో పంపుడు. దింపిన ద్రవమును త్రాగునీటి సీసాలలో ఎన్నడును పోయరాదు. కొబ్బరిచెట్టు పాదులోను, నూతిచెంతను, మురుగుకాలువలోను పాఱబోయరాదు. మూతగల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, అట్టివానిని తీసికొను మరమ్మతుశాలకు అప్పగింపవలెను. నేలపై పడినదానిని ఇసుకతో పీల్చి ఎత్తి, చోటు కడుగవలెను.

బండి క్రొత్తదై, ఇంకను గ్యారంటీ కాలములో నున్నచో, ఈ మార్పువలన ఆ హక్కు పోవునా యని అమ్మినవారిని ముందే వ్రాతమూలకముగా అడిగింపుడు, నోటిమాట చాలదు. బిగించిన వారమునకు, చల్లారియున్నప్పుడు, మట్టము మఱల చూడవలెను. మిగిలిన కూలెంటు డబ్బాను అటకపై తాళము వేసిన పెట్టెలో ఉంచుడు.